మా కొండమీది గూడ పుస్తకంలో ఏ పేజీలో ఉంది? శ్రీకాకుళం జిల్లా జనాభా లెక్కలు, ఊళ్ల సదుపాయాల రికార్డు

వంశధార_మాస్టారు
అందరికీ నమస్కారం. రాద్దాం రాద్దాం అనుకుంటూ ఇవాళ కూర్చున్నాను, కాస్త పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి. మాది శ్రీకాకుళం జిల్లాలో కొండవార మండలం. 2010లో ఇళ్ల లెక్కకీ 2011 ఫిబ్రవరిలో జనం లెక్కకీ రెండుసార్లూ నాకు డ్యూటీ పడింది. ఇప్పుడు మళ్లీ లెక్కలొస్తున్నాయి కదా, 2027 మార్చి 1 నాటికి దేశంలో ఎంతమంది ఉన్నారో రాయాలని 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు, దానికి ముందు ఇళ్ల లెక్క 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపు. అందుకే మా బడి పిల్లలతో మన ఊరి వివరాలు అని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టి సెన్సస్ వెబ్‌సైట్‌లోంచి 2011 జిల్లా హ్యాండ్‌బుక్ డౌన్‌లోడ్ చేశాను. రెండు భాగాలుంటాయి. ఒక దాంట్లో ఊళ్లో ఏముంది ఏం లేదు, బడి, ఆసుపత్రి, నీళ్లు, బస్సు, బ్యాంకు, కరెంటు, భూమి వాడకం. రెండో దాంట్లో జనం, అంటే ఇళ్లెన్ని, మగవాళ్లు ఆడవాళ్లు ఎంతమంది, ఆరేళ్లలోపు పిల్లలు, ఎస్సీ ఎస్టీ, చదువుకున్నవాళ్లు, పని చేసేవాళ్లు. ప్రతి ఊరికీ ఒక వరస, అంతే.

పిల్లలు మా ఊరి వరస పట్టుకుని చదువుతున్నారు. ప్రైమరీ స్కూలు ఉంది, కుళాయి ఉంది, తారు రోడ్డు ఉంది, ఆటోలు ఉన్నాయి, అంగన్వాడీ ఉంది. అన్నీ నిజమే, నేను చూసినవే. అప్పుడు కొండమీంచి దిగొచ్చి చదువుకునే ఏడో తరగతి పాప లేచి సార్ మా గూడ ఏ పేజీలో ఉంది అంది. వెతికాం. లేదు. ఉండదు కూడా, ఎందుకంటే ఆ పుస్తకంలో ఊరు అంటే రెవెన్యూ గ్రామం, అంటే భూమి రికార్డుల్లో ఒకే ఊరుగా రాసుకున్న హద్దు. మా రెవెన్యూ గ్రామంలో కింద పెద్ద ఊరు ఒకటి, పైన సవర గిరిజనుల గూడలు, అంటే చిన్న చిన్న ఊళ్లు, మూడు. ఆ మనుషులు జనాభాలో ఉన్నారు, నేనే రాశాను, కానీ కింద ఊరి సంఖ్యలో కలిసిపోయారు. సదుపాయాల దగ్గరికొచ్చేసరికి కింద ఊళ్లో కుళాయి ఉంది కాబట్టి మొత్తానికి ఉంది అని పడిపోయింది. పైన వాళ్లు తాగేది ఊట నీళ్లు, రోడ్డంటే కాలిబాట, గర్భిణిని డోలీ కట్టి దింపుతారు. పదిహేనేళ్లుగా కాగితం మీద వాళ్లకి కుళాయి ఉంది, తారు రోడ్డు ఉంది.

ఆ పాపకి ఏం చెప్పాలో తెలీక రేపు చెప్తానమ్మా అన్నాను. ఈసారి లెక్కల్లోనైనా ఇది సరిగ్గా రావాలంటే మనం ఏం చెయ్యొచ్చు, ఎవర్ని అడగాలి? మీ మీ ఊళ్ల వరసలు కూడా తీసి చూసి చెప్పండి.

కవిటి_కొబ్బరి
మాస్టారూ ఆ పుస్తకం మాకూ పనికొస్తదా? ఎక్కడ దొరుకుద్ది, తెలుగులో ఉంటదా?

వంశధార_మాస్టారు
తెలుగులో లేదు తమ్ముడూ, ఇంగ్లీషే. సెన్సస్ వెబ్‌సైట్‌లో డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్ అని వెతికితే పిడిఎఫ్ వస్తుంది, ఎక్సెల్ కూడా ఉంది. పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగులో ఉంటాయి, ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లుంటాయి కాబట్టి మండలం చూసుకుని వెతుకు.

రిటైర్డు_విఆర్వో
మాస్టారు గారూ, మీరు రాసింది చదివి నా సర్వీసంతా కళ్లముందు తిరిగింది. ముప్పై ఏళ్లకు పైగా రెవెన్యూలో చేసినవాణ్ని, ఈ సంగతి లోపలి నుంచి చెప్తాను.

జనం లెక్క, సదుపాయాల లెక్క రెండూ ఒక దారిలో వచ్చేవి కావు. జనాన్ని మీలాంటి టీచర్లు ఇంటింటికీ వెళ్లి రాస్తారు, తహసీల్దారు గారు ఛార్జి ఆఫీసరు, అంటే ఆ పనంతా చూసుకునే అధికారి. ఇంటింటి పని కాబట్టి గూడ ఎక్కినా ఎక్కకపోయినా ఎన్యూమరేటరు మీద, అంటే లెక్క రాసే మనిషి మీద, ఒక బాధ్యత ఉంటది. సదుపాయాలది వేరు. అది ఊరికొక ప్రొఫార్మా, అంటే ఫారం, ఆఫీసుల దగ్గర కూర్చుని నింపేది. 2011 పుస్తకంలో అచ్చయిన ఆ వివరాలకి రిఫరెన్సు ఏడాది 2009, ఎక్సెల్‌లో ఉంటది చూడండి. అంటే పక్కపక్కనే అచ్చేసినా జనం ఒక ఏడు, కుళాయి ఇంకో ఏడు.

ఆ ప్రొఫార్మా నింపేవాడికి టైము ఇచ్చేది తక్కువ. ఒక్కో క్లర్కు దగ్గర ముప్పై నలభై ఊళ్లుంటాయి. గ్రామం పరిధిలో ఎక్కడున్నా ఉన్నట్టే అని రూలు, కాబట్టి ఉంది అని రాసేస్తే వాడి తప్పేమీ లేదు. లేకపోతే దూరం కోడు వెయ్యాలి, 5 కిలోమీటర్ల లోపు ఉంటే ఎ, 5 నుంచి 10 అయితే బి, 10 దాటితే సి. ఆ దూరం కూడా కింద ఊరి నుంచే కొలుస్తారు. కింద ఊరి నుంచి పిహెచ్‌సి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) నాలుగు కిలోమీటర్లే ఉండొచ్చు, ఎ అనే పడుద్ది, కానీ వర్షాకాలంలో గూడ నుంచి అక్కడికి ఒక పూట పడుద్దని ఆ అక్షరం చెప్పదు.

కరణాల కాలంలో అయితే, అంటే 1984కి ముందు, కరణం గారికి ఊళ్లో ప్రతి గట్టూ తెలుసు, ప్రతి సర్వే నెంబరూ తెలుసు. అందులో మంచీ ఉంది చెడూ ఉంది, నేను ఆ వ్యవస్థని వెనకేసుకు రావట్లేదు. అయితే ఆ మనిషి ఊళ్లో ఉండేవాడు. ఇప్పుడు ఒక్కొక్కరికి మూడేసి ఊళ్లు. ఆ పుస్తకంలో మీకు నమ్మకంగా కనిపించేది భూమి వాడకం కాలమ్‌లు, అడవి ఎంత, బంజరు ఎంత, బీడు ఎంత, సాగు ఎంత అనేవి, అవి అడంగల్ నుంచి, అంటే ఏ భూమిలో ఏముందో ఏటా రాసే రిజిస్టరు నుంచి వస్తాయి, అడంగల్ సరిగ్గా రాసిన ఊళ్లో ఆ అంకె సరిగ్గా ఉంటది, ముందేడు చూసి కాపీ కొట్టిన ఊళ్లో ఉండదు.

సీతంపేట_సిస్టర్
మాస్టారూ నేను ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తగా చేస్తాను, ఇదివరకు మన శ్రీకాకుళం జిల్లానే, 2022 ఏప్రిల్ 4 నుంచి మేము పార్వతీపురం మన్యం జిల్లా కిందికొచ్చాం. మీరు చెప్పింది మాకు రోజూ ఎదురయ్యేదే. ఆరోగ్య సబ్ సెంటరు పెట్టాలంటే మైదానంలో 5000 మందికి ఒకటి, కొండ ప్రాంతంలో 3000 మందికి ఒకటి అని లెక్క. అక్కడ అంకె చూస్తారు గానీ ఆ 3000 మంది ఎన్ని కొండల మీద ఉన్నారో చూడరు. మా కింద ఉన్న గూడల్లో కొన్నిటికి వెళ్లి రావడానికే రోజంతా పడుద్ది, టీకాల బాక్సు భుజాన వేసుకుని.

మా దగ్గర గూడ వారీగా పేర్లతో సహా రిజిస్టరు ఉంటది అండీ. ఏ ఇంట్లో ఎవరు, గర్భిణులు ఎవరు, పిల్లలకి ఏ టీకా పడింది, అన్నీ. ఆశా కార్యకర్తకి అయితే నోటికొచ్చు. లెక్కలకి వచ్చే మాస్టార్లు ఒక్కసారి మా దగ్గరికొచ్చి ఏ గూడ ఎక్కడుందో అడిగితే ఒక్క ఇల్లు కూడా మిస్సవ్వదు. 2011లో ఒక టీచరు గారు మాత్రం వచ్చి అడిగారు, ఆయన్ని ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నాను.

పాలమూరు_పోరడు
అన్నా మా దిక్కు గూడా గిదే కథ, గూడల బదులు తండాలు. మాది ఉమ్మడి మహబూబ్‌నగర్. తెలంగాణల 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చినంక మా తండా పంచాయతీ అయింది, సర్పంచ్ ఉన్నడు, ఆఫీసున్నది, బోర్డున్నది. సెన్సస్ ఎక్సెల్ తీసి చూస్తే 2011ది గదా, మా తండా పేరే లేదు, పక్క పెద్దూరు పేరు మీదనే ఉన్నది. రెవెన్యూ లెక్కల కొత్త గ్రామం కాలే కాబట్టి ఈసారి గూడా పెద్దూర్లనే కలుపుతరేమో అని మా సర్పంచ్ తల పట్టుకున్నడు.

ఇంకోటి. 2011ల మా జిల్లా జనాభా 40,53,028 అని రాసిండ్రు. లెక్కలు జేసింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాక. ఫిబ్రవరిల పాలమూరు ఊర్లె ఎవరుంటరన్నా? బొంబాయి, పూనా, హైదరాబాదు, ఎక్కడెక్కడ మేస్త్రీ పనులుంటె అక్కడ. ఇంట్ల ముసలోళ్లు, పిల్లలు. మా నాయన బొంబాయిల అడ్డా మీద పండుకునెటోడు, ఆయన్ని ఎవరు రాసిండ్రో, రాసిండ్రో లేదో గూడా మాకు తెల్వది. 2014 ఆగస్టు 19 నాడు సమగ్ర కుటుంబ సర్వే అని ఒక్క రోజుల జేసిండ్రు యాదికున్నదా, ఆ రోజు మాత్రం మా ఊరు నిండిపోయింది, బస్సుల మీద ఎక్కి వచ్చిండ్రు జనం, మా అమ్మ ఆ రోజు మా ఊర్లె ఇంతమందున్నరా అని ఆశ్చర్యపోయింది.

తీరం_అమ్మాయి
పాలమూరు అన్నా మీరు రాసింది చదివి కళ్లు చెమర్చాయి. మాది సముద్రం ఒడ్డున ఊరు, శ్రీకాకుళం జిల్లాయే. మా నాన్న, మా అన్నయ్య, మా మావయ్యలు అందరూ గుజరాత్ వేరావల్ వెళ్లి అక్కడ బోట్లమీద వేటకి చేస్తారు. ఆగస్టులో వెళ్తే మళ్లీ ఎండాకాలం వేట నిషేధం వచ్చేదాకా రారు. ఫిబ్రవరిలో మా వీధిలో పెళ్లయిన మగాడు కనబడడు. 2011లో నేను చిన్నపిల్లని, లెక్కలకి వచ్చిన మాస్టారు మా అమ్మని అడిగారు మీ ఆయన ఈ ఇరవై రోజుల్లో ఒక్క రోజైనా ఇంట్లో పడుకున్నాడా అని. లేదు అంది. అయితే ఇక్కడ రాయకూడదమ్మా అక్కడే రాస్తారు అన్నారు. అమ్మ పాపం ఆయన పేరు కొట్టేశారని రెండు రోజులు అన్నం తినలేదు, రేషన్ కార్డులో కూడా తీసేస్తారేమోనని.

వంశధార_మాస్టారు
అమ్మా, ఆయన చెప్పింది రూలే. ఆ రోజులన్నీ పూర్తిగా బయట ఉన్న మనిషిని ఇంటి దగ్గర రాయకూడదు, ఎక్కడుంటే అక్కడ రాయాలి, లేకపోతే ఒకే మనిషి రెండు చోట్ల పడతాడు. రేషన్ కార్డుకీ దీనికీ సంబంధం లేదు, 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంట్లోవాళ్లు చెప్పిన వివరం ఏ ఆఫీసుకీ ఇవ్వరు, కోర్టులో సాక్ష్యంగా కూడా చెల్లదు. ఆ మాట మీ అమ్మగారికి ఆ రోజే కూర్చుని చెప్పాల్సింది. నేను వెళ్లిన ఇళ్లల్లో ముందు ఆ మాటే చెప్పేవాణ్ని, అప్పుడు గానీ మనుషులు నోరు విప్పరు.

కానీ అసలు బాధ మీరన్నదే, అక్కడ రాశారా అన్నది. బోటు మీద పడుకునే మనిషి దగ్గరికి, అడ్డా మీద పడుకునే మనిషి దగ్గరికి ఎవరెళ్లారు? ఇల్లు లేనివాళ్లని ఫిబ్రవరి 28 రాత్రి రాయాలని ఉంది. ఒక్క రాత్రి.

డేటా_బెంగళూరు
చాలా మంచి థ్రెడ్. నేను సోంపేట వైపు వాణ్ని, బెంగళూరులో డేటా ఉద్యోగం. మన జిల్లా 2011 జనాభా 27,03,114. 2001లో 25,37,593. అంటే పదేళ్లలో ఆరున్నర శాతం పెరుగుదల. ఇది చూసి కొందరు కుటుంబ నియంత్రణ బాగా పాటించారంటారు, అది కొంత నిజమే, కానీ మిగతాది పైన తీరం_అమ్మాయి చెప్పిందే, జనం వెళ్లిపోయారు. వెయ్యి మంది మగవాళ్లకి 1015 మంది ఆడవాళ్లు అని మన జిల్లా గురించి గొప్పగా రాస్తారు పేపర్లలో. ఆరేళ్లలోపు పిల్లల కాలమ్ తీసి చూడండి, అక్కడ ఆడపిల్లలు మగపిల్లల కంటే తక్కువ. పెద్దవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ కనిపిస్తున్నారంటే మగవాళ్లు ఊళ్లో లేరని అర్థం.

ఇంకో విషయం, పాత పుస్తకాలతో పోల్చేవాళ్లు జాగ్రత్త. మన జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం నుంచి విడిపోయి ఏర్పడింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు మన దగ్గర నుంచి సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం అటు వెళ్లాయి. 1971 శ్రీకాకుళం, 1981 శ్రీకాకుళం రెండూ వేర్వేరు జిల్లాలు. ఇప్పుడు 2022లో పాలకొండ, సీతంపేట వైపు కూడా పోయింది. కాబట్టి జిల్లా మొత్తం అంకెలు పక్కపక్కన పెట్టి ఎక్కువైంది తక్కువైంది అనడం తప్పు, ఊరి స్థాయిలో కలిపి చూడాలి. 2011 నుంచి ఒక్కో ఊరికి ఆరంకెల కోడు ఇచ్చారు, అది దేశం మొత్తంలో ఇంకో ఊరికి ఉండదు. పేరు స్పెల్లింగు ఎలా మారినా కోడు పట్టుకుంటే దొరుకుతుంది. మాస్టారు పిల్లలకి మొదట మీ ఊరి కోడు నేర్పండి.

కవిటి_కొబ్బరి
కోడు దొరికింది అన్నా, థాంక్స్.
మా ఊరి వరస చదివాను. మంచినీళ్ల దగ్గర చేతిపంపు ఉంది, బోరు ఉంది, కప్పిన బావి ఉంది. అన్నీ ఉంది ఉంది ఉంది. మాది ఉద్దానం. మా పెదనాన్న, మా పక్కింటి ఆయన, మా బడిలో వంట చేసే అమ్మ, ముగ్గురూ కిడ్నీలు పోయి డయాలసిస్ మీద ఉన్నారు, అందులో ఇద్దరు ఇప్పుడు లేరు. ఆ నీళ్లలో ఏముందో ఇన్నేళ్లలో ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్లే కారణమా కాదా అన్నది డాక్టర్లు చెప్పాలి, నేను చెప్పను. కానీ బోరు ఉంది అని రాసి దాన్ని సదుపాయం అంటే మాకు గుండెల్లో కలుక్కుమంటది. 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నీళ్లు మా మండలాలకి తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలయ్యాయి. అంటే ఈసారి శుద్ధి చేసిన కుళాయి అన్న కాలమ్‌లో ఉంది అని పడాలి. ఆ కుళాయి రోజూ వస్తుందా, చివరి వీధి దాకా వస్తుందా అని కూడా ఎవరైనా అడిగి రాస్తే బాగుణ్ణు.

ఇంకా, తోటల కింద భూమి అని రాసిన అంకె తిత్లీకి ముందుది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చాక ఆ కొబ్బరి తోటలు, జీడి తోటలు ఎన్ని మిగిలాయో మాకు తెలుసు.

రిటైర్డు_విఆర్వో
హిరమండలం మాటెత్తావు కాబట్టి చెప్తున్నా బాబూ. ఆ రిజర్వాయరు కింద మునిగిన ఊళ్లు 2011 పుస్తకంలో నిండు జనంతో ఉన్నాయి, బడి ఉంది, పోలింగ్ స్టేషన్ ఉంది. జనం ఖాళీ చేసి ఆర్అండ్ఆర్ (పునరావాస) కాలనీలకి వెళ్లిపోయారు. మా రెవెన్యూ భాషలో మనుషులు లేని గ్రామాన్ని బేచిరాకు గ్రామం అంటాం, దీపం లేని ఊరు అని. ఈసారి పుస్తకంలో ఆ ఊళ్ల ఎదుట జనాభా గడిలో ఏమీ ఉండదు, పేరు మాత్రం ఉంటది. దేశం మొత్తంలో 2011లో 6 లక్షల 40 వేల పైచిలుకు గ్రామాలుంటే జనం ఉన్నవి సుమారు 5 లక్షల 97 వేలు, మిగతావన్నీ అలా పేరు మిగిలినవే. ఆ కాలనీల జనం ఏ గ్రామం కింద పడతారో ఇప్పుడే అడిగి తెలుసుకోవాలి, కాలనీ ఏ సర్వే నెంబర్లో ఉందో ఆ గ్రామం కింద పడతారు. తమ పాత ఊరి పేరు చెప్పుకుంటే లెక్కలో కలవదు.

పాలమూరు_పోరడు
గిది నిజం పెద్దాయనా. శ్రీశైలం డ్యామ్ల మునిగినోళ్లు మా దిక్కు ఇప్పటికీ పాత ఊరి పేరే చెప్తరు.

తీరం_అమ్మాయి
నాకొక సందేహం మాస్టారూ. మా ఊరి వరసలో పని చెయ్యనివాళ్లు అన్న కాలమ్‌లో ఆడవాళ్ల సంఖ్య చాలా ఎక్కువుంది. మా ఊళ్లో పని చెయ్యని ఆడది నేను చూడలేదండీ. చేపలు ఎండబెట్టేది, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేది, వలలు బాగుచేసేది ఎవరు మరి?

వంశధార_మాస్టారు
అమ్మా ఈ తప్పులో నాకూ భాగం ఉంది, దాచుకోను. ఆ రోజుల్లో మేము ఇంటి ముందు నిలబడి ఇంటి పెద్ద ఎవరండీ అంటే మగవాళ్లు వచ్చేవారు. మీ ఆవిడ ఏం చేస్తారు అంటే ఏం చేస్తదండీ ఇంట్లోనే ఉంటది అనేవారు. నేను మొదటి రోజు అలాగే రాసుకుపోయాను. రెండో రోజు ఒక ముసలమ్మ, వెనకాల జీడిపిక్కలు కొట్టుకుంటూ కూర్చున్న మనిషి, చేతులు నల్లగా కాలిపోయి ఉన్నాయి జీడి నూనెకి, ఆవిడ లేచొచ్చి బాబూ నాను నిన్న ఎక్కడికి వెళ్లానో అడుగు, మొన్న ఎక్కడికి వెళ్లానో అడుగు, అప్పుడు రాయి అంది. ఆ తర్వాత నుంచి నేను ప్రశ్న మార్చాను. పని చేస్తారా అని కాదు, ఊడ్పులకి వెళ్లారా, కోతలకి వెళ్లారా, జీడి పిక్కకి వెళ్లారా, ఉపాధి పనికి వెళ్లారా, ఎన్ని నెలలు అని. ఏడాదిలో ఆరు నెలలు, అంటే 183 రోజులు చేస్తే ముఖ్య పనివాళ్లు, అంతకు తక్కువైతే ఉపాంత పనివాళ్లు. ఎలా అడిగామన్నదాని మీదే ఆ కాలమ్ మొత్తం ఆధారపడుద్ది. మొదటి రోజు రాసినవి వెనక్కెళ్లి సరిచేశాను, నా బ్లాకులో, అంటే నాకు అప్పగించిన ఇళ్లల్లో. మిగతా బ్లాకుల సంగతి చెప్పలేను.

వయసు కూడా అంతే. యాభయ్యా అరవయ్యా అంటే ఏదో ఒకటి అంటారు. విజయనగరం విడిపోయిన ఏడుకి నీకు పెళ్లయిందా, కరణాలు పోయిన ఏడుకి పెద్దోడు పుట్టాడా అని అడిగితే సరిగ్గా తేలుద్ది.

సీతంపేట_సిస్టర్
మాతృభాష కూడా కలపండి మాస్టారూ. మా గూడల్లో సవర మాట్లాడతారు, తెలుగులో సమాధానం చెప్తారు కాబట్టి తెలుగు అని రాసేసుకుని పోతారు. ఇంట్లో అమ్మతో ఏ భాష మాట్లాడతావు అని అడగాలి. ఇచ్ఛాపురం వైపు ఒడియా వాళ్లకి కూడా ఇదే.

డేటా_బెంగళూరు
ఆ హ్యాండ్‌బుక్‌లో నన్ను ఆపేసిన కాలమ్ ఒకటుంది. వైద్యం దగ్గర ఎంబిబిఎస్ డాక్టర్లు ఎంతమంది, డిగ్రీ లేకుండా వైద్యం చేసేవాళ్లు ఎంతమంది, నాటు వైద్యులు, మంత్రం వేసేవాళ్లు ఎంతమంది అని విడివిడిగా ఉంటుంది. మన ఊళ్లల్లో ఆ ఎంబిబిఎస్ కాలమ్ సున్నా, దాని పక్క కాలమ్‌లో ఒకటో రెండో. అంటే ఆర్ఎంపీ. ఊరికి రాత్రి పన్నెండింటికి దిక్కు ఎవరో అది చెప్తుంది. ఇలా నిజం చెప్పే కాలమ్‌లు కూడా ఉన్నాయి, అందుకే ఆ పుస్తకాన్ని పారేయకూడదు, సరిదిద్దించుకోవాలి. రోడ్ల విషయం చూడండి, పల్లెలకి రోడ్లు వేసే కేంద్ర పథకం పిఎంజిఎస్‌వై నాలుగో దశలో 2011 జనాభా ప్రకారం మైదానంలో 500 దాటిన ఆవాసానికి, గిరిజన ప్రాంతాల్లో 250 దాటిన ఆవాసానికి రోడ్డు ఇస్తామని 2024 సెప్టెంబరులో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది. ఆవాసం అంటే గూడ, తండా, కాలనీ. సెన్సస్ పుస్తకం ఇచ్చేదేమో రెవెన్యూ గ్రామం జనాభా. మధ్యలో గూడ జనాభా ఎంతో ఎవరో ఒకరు ఎక్కడో ఒక చోట రాయాలి. 248 అని రాస్తే రోడ్డు రాదు.

కవిటి_కొబ్బరి
అమ్మో. రెండు మనుషుల తేడాకి.

రిటైర్డు_విఆర్వో
అందుకే మాస్టారు గారికి నా సలహా. సదుపాయాల ప్రొఫార్మాలో గూడకి ప్రత్యేకంగా వరస రాదు, ఆ చట్రం మీరు నేను మార్చలేం. కానీ ఇళ్ల లెక్కకి ముందు ఎన్యూమరేటరు చేసే మొదటి పని తన బ్లాకు మ్యాపు గీసుకోవడం. ప్రతి బ్లాకులో ఇన్ని ఇళ్లు, ఇంతమంది జనం ఉండేలా కోస్తారు. మూడు గూడల్ని కింద ఊరి చివరి వీధితో కలిపి ఒక బ్లాకు చేస్తే వాటి అంకె మళ్లీ కలిసిపోద్ది. గూడలు మూడూ కలిపి విడి బ్లాకు చేయించండి, అప్పుడు కనీసం బ్లాకు కాగితాల్లో వాటి జనాభా విడిగా నిలుస్తది. అది అడగాల్సింది తహసీల్దారు ఆఫీసులో, బ్లాకులు కోసే టైములోనే, తర్వాత వెళ్తే లాభం లేదు. నోటితో అడగొద్దు, మ్యాపు గీసి, గూడ పేరు, ఇళ్ల సంఖ్య, వెళ్లే దారి రాసి ఇవ్వండి, పంచాయతీ తీర్మానం కూడా జతచేస్తే కాగితానికి బలం ఉంటది. రసీదు తీసుకోండి.

సీతంపేట_సిస్టర్
మీ మండలం ఆశాలని, అంగన్వాడీ టీచర్లని కూర్చోబెట్టుకుని చేయండి మాస్టారూ. రెండు రోజుల పని.

వంశధార_మాస్టారు
మూడు రోజులు రాయలేదు, క్షమించాలి. ఆదివారం పిల్లల్ని తీసుకుని పైకి వెళ్లాను, ఆశా కార్యకర్త, అంగన్వాడీ టీచరు కూడా వచ్చారు. పొద్దున్న ఆరున్నరకి మొదలుపెడితే మొదటి గూడ చేరేసరికి ఎనిమిదైంది, మూడోదానికి పదకొండున్నర. ఫోన్లో కొలిస్తే కింద ఊరి నుంచి మూడో గూడకి 6 కిలోమీటర్ల 200 మీటర్లు, అందులో బండి వెళ్లేది కిలోమీటరున్నర.

పిల్లలే రాశారు. మొదటి గూడలో 31 ఇళ్లు, రెండో దాంట్లో 22, మూడో దాంట్లో 14. తలుపులు మూసున్న ఇళ్లు ఐదు, అందరూ చెన్నై ఇటుక బట్టీల పనికి వెళ్లారట, వాళ్ల పేర్లు కూడా పక్కింటివాళ్లని అడిగి విడిగా రాసుకున్నాం, ఎప్పుడు వస్తారో కూడా. నీటి ఊటలు రెండు, ఒకటి ఏప్రిల్ నుంచి ఎండిపోద్దట. మూడో గూడలో కరెంటు స్తంభం ఉంది, దీపాలు వెలుగుతున్నాయి, అది సంతోషం. 2011లో నేను వెళ్లినప్పుడు లేదు.

మ్యాపు పెద్ద చార్టు మీద గీశారు. ఆ పాప తన గూడ దగ్గర చింతచెట్టు, దేవత రాయి, ఊట, అంగన్వాడీ నడిచే పాక అన్నీ గుర్తులు పెట్టింది. పేరు సవరలో ఎలా పలుకుతారో తెలుగు అక్షరాల్లో రాసింది, రికార్డుల్లో రాసే పేరు అది కాదు, రెండూ పెట్టాం. వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో, అంటే అర్జీలు తీసుకునే చోట ఇస్తున్నాం, పంచాయతీ సెక్రటరీ గారు తీర్మానం కాపీ ఇస్తానన్నారు.

పాలమూరు_పోరడు
అన్నా ఆ మ్యాపు ఫోటో పెట్టు, మా తండాకు గూడా గట్లనే గీయిస్త. మా సర్పంచ్‌కి ఈ థ్రెడ్ చూపిచ్చిన, వచ్చే గ్రామసభల పెడ్తం అన్నడు.

వంశధార_మాస్టారు
మనుషుల పేర్లు, ఇంటి వివరాలు ఉన్న కాగితం పెట్టను తమ్ముడూ, అది వాళ్ల సొంతం. మ్యాపు వరకు రాత్రికి పెడతాను.

తీరం_అమ్మాయి
మాస్టారూ నిన్న నాన్న వేరావల్ నుంచి ఫోన్ చేశాడు. వచ్చే ఏడు ఫిబ్రవరిలో లెక్కలవుతాయి, హార్బర్ దగ్గరికి ఎవరైనా వస్తే అడిగి మరీ రాయించుకో, నీతో ఉన్న మన ఊరోళ్లందరివీ రాయించు, భాష అడిగితే తెలుగు అని చెప్పు, అన్నాను. రాసేవాళ్లు రాకపోతే ఎక్కడికెళ్లాలి అని అడిగాడు. కనుక్కుని చెప్తానన్నాను. విఆర్వో బాబాయ్ గారూ, గుజరాత్‌లో ఎవర్ని అడగాలో మీకు తెలుసా?

రిటైర్డు_విఆర్వో
అక్కడ కూడా ఛార్జి ఆఫీసరు ఉంటాడమ్మా, పట్నం అయితే మునిసిపాలిటీలోనే ఉంటాడు. మీ ఊరివాళ్లు ఎంతమంది ఏ జెట్టీ దగ్గర ఉంటారో ఒక కాగితం మీద రాసి పంపమను నాన్నగారిని. నేను హిందీలో అర్జీ రాసిస్తాను.